జేబులో హిస్టరీ షీట్: అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా మన ప్రైవసీ కథ

ఈ రోజు ఎపిసోడ్‌లో కొంచెం చరిత్ర చెప్పుకుందాం. రాజులు, యుద్ధాలు కాదు. మీరు ఈ వీడియో చూస్తున్న ఫోన్ చరిత్ర. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, మన గురించి వేరేవాళ్లు రాసి పెట్టుకుంటున్న చరిత్ర.

"రౌడీ షీటర్" అనే మాట మనందరికీ తెలుసు. సినిమాల్లో విన్నాం, పేపర్లో చదివాం. పోలీస్ స్టేషన్‌లో ఒక మనిషి పేరు మీద ఒక షీట్ తెరుస్తారు. ఎక్కడ ఉంటాడు, ఎవరితో తిరుగుతాడు, రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరతాడు, ఊరు దాటితే ఎక్కడికి వెళ్లాడు, ఇవన్నీ అందులో ఎక్కుతాయి. ఇలాంటిదానికే ఇంకో పేరు హిస్టరీ షీట్.

ఇప్పుడు అదే లిస్టు పట్టుకుని మీ ఫోన్ వైపు చూడండి. ఎక్కడ ఉంటారు? లొకేషన్ చెప్తుంది. ఎవరితో మాట్లాడతారు? కాంటాక్టులు, కాల్ లాగ్ చెప్తాయి. రాత్రి ఎన్నింటికి పడుకుంటారు? చివరిసారి స్క్రీన్ ఎప్పుడు ఆగిందో చూస్తే చాలు. ఒకప్పుడు ఒక కానిస్టేబుల్ నెలల తరబడి తిరిగి రాసిన దానికంటే ఎక్కువ సమాచారం మన జేబులో ఒక్క రోజులో తయారవుతోంది. తేడా ఒక్కటే. అప్పుడు షీట్ తెరవాలంటే అనుమానం అన్నా ఉండాలి. ఇప్పుడు ఫోన్ కొంటే చాలు.

ఈ కథలో చాలా ముక్కలు మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అందులో రెండు ముఖ్యమైనవి అమీర్‌పేటలో, పంజాగుట్టలో ఉన్నాయి. మెట్రోలో ఈ రెండూ పక్కపక్క స్టేషన్లు. ఆ దారి పట్టే ముందు ఒకసారి 1962కి వెళ్లొద్దాం.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన మీద దోపిడీ కేసు పెట్టారు. సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశారు కానీ హిస్టరీ షీట్ మాత్రం తెరిచారు. పోలీసులు అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టేవాళ్లు. ఇంట్లో ఉన్నాడా లేడా చూసుకుని పోయేవాళ్లు. ఎక్కడికి వెళ్లినా వెనకాల నిఘా. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఆరుగురు జడ్జీల బెంచ్ 1962 డిసెంబర్‌లో తీర్పు చెప్పింది. రాత్రిపూట ఇంటికి రావడం తప్పు, దాన్ని కొట్టేస్తున్నాం అన్నారు. మిగతా నిఘా మాత్రం ఉండొచ్చు, ఎందుకంటే ప్రైవసీ అనే హక్కు రాజ్యాంగంలో లేదు అని మెజారిటీ జడ్జీలు తేల్చారు.

ఇద్దరు మాత్రం ఒప్పుకోలేదు. ఆ అసమ్మతి తీర్పు రాసింది మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు హైదరాబాద్‌లో హైకోర్టుకు మొదటి చీఫ్ జస్టిస్ ఆయనే. తర్వాత దేశానికే చీఫ్ జస్టిస్ అయ్యారు. ఆయన వాదన నా మాటల్లో చెప్తాను. మనిషిని గొలుసులతో కట్టేయకపోయినా, ఎవరో చూస్తున్నారన్న భయంతో అడుగు తీసి అడుగు వేస్తుంటే దాన్ని స్వేచ్ఛగా తిరగడం అనలేం. అలాంటివాడికి దేశమంతా జైలే. శరీరాన్ని కట్టేయడం ఎంత తప్పో, మనసుని కట్టేయడం కూడా అంతే తప్పు.

1962లో ఈ మాట అన్నారంటే ఆలోచించండి. అప్పటికి చాలా ఇళ్లలో ల్యాండ్‌లైన్ కూడా లేదు. కానీ అసలు విషయం ఆయన పట్టుకున్నారు. నిఘా వల్ల నష్టం మనం పట్టుబడ్డప్పుడు మొదలవదు. చూస్తున్నారని తెలిసి మనం మారిపోయినప్పుడే మొదలవుతుంది. గ్రూపులో ఒక మెసేజ్ టైప్ చేసి, "ఎందుకొచ్చిన గొడవ" అని డిలీట్ చేసిన ప్రతివాళ్లకీ ఇది అనుభవమే.

సుబ్బారావు గారి దారిలో మరికొందరు తెలుగు జడ్జీలు నడిచారు. 1983లో మన హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, నటి సరిత కేసులో, ఇష్టం లేని భార్యని కోర్టు ఆర్డర్‌తో కాపురానికి పంపడం ఆమె ప్రైవసీకి విరుద్ధం అన్నారు. మరుసటి ఏడాది ఇంకో కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. అయినా ప్రైవసీ అంటే ముందు మన శరీరం మీద మనకున్న హక్కు అని చెప్పిన తీర్పుగా అది ఇప్పటికీ లా కాలేజీల్లో చర్చకు వస్తుంది. 1994లో సుప్రీంకోర్టులో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, తమిళనాడు ఆటో శంకర్ ఆత్మకథ కేసులో, మనిషికి తన మానాన తనని వదిలేయమనే హక్కు ఉందని స్పష్టంగా రాశారు.

ఇక ఆధార్ వచ్చింది. కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి జస్టిస్ పుట్టస్వామి దాని మీద కేసు వేశారు. 2015లో కేంద్ర ప్రభుత్వం పాత తీర్పులు బయటికి తీసి, అసలు ప్రైవసీ ప్రాథమిక హక్కే కాదు కదా అని వాదించింది. ఆ వాదన విని, దీన్ని పెద్ద బెంచ్ తేల్చాలని పంపిన ముగ్గురు జడ్జీల బెంచ్‌కి అధ్యక్షత వహించింది కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు: ప్రైవసీ ప్రాథమిక హక్కే. 1962లో సుబ్బారావు గారు చెప్పిందే సరైనదన్నారు. ఒక మనిషి రాసిన అసమ్మతి చట్టం కావడానికి 55 ఏళ్లు పట్టింది.

కోర్టు కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కోర్టులో హక్కు గెలుస్తున్న ఆ ఏళ్లలోనే, బయట మనం దాన్ని ఒక్కో బటన్ నొక్కి ఇచ్చేస్తూ వచ్చాం. ఇప్పుడు అమీర్‌పేటకు వద్దాం.

మైత్రివనం చుట్టుపక్కల సందులు మీకు తెలుసు. కోచింగ్ బ్యానర్లు, హాస్టళ్లు, మెస్‌లు, జిరాక్స్ షాపులు. జిల్లాల నుంచి బ్యాగుతో దిగిన పిల్లలు మొదటి వారంలో చేసే పని ఏంటి? ఆధార్ జిరాక్స్ తీయడం. హాస్టల్‌కి ఒకటి, సిమ్‌కి ఒకటి, ఇన్‌స్టిట్యూట్‌కి ఒకటి. చాలాసార్లు షాపువాళ్ల వాట్సాప్‌కి ఫొటో పంపిస్తే వాళ్లే ప్రింట్ తీసిస్తారు. ఆ ఫొటో వాళ్ల ఫోన్లో ఎన్నాళ్లు ఉంటుందో మనం అడగం. అంతా అయ్యాక ఎక్కడో ఒక డెమో క్లాస్ ఫారంలో నంబర్ రాస్తాం. నెల తిరక్కుండా ఎవరెవరో ఫోన్ చేసి "సార్, కోర్సు కావాలా" అంటారు.

విచిత్రం ఏంటంటే, ఆధార్ సంస్థ హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం కూడా ఆ సందుల్ని ఆనుకునే ఉంది. మైత్రివనం పక్కన, స్వర్ణజయంతి కాంప్లెక్స్‌లో. 2022 మే నెలలో ఆ సంస్థ బెంగళూరు ఆఫీసు ఒక ప్రకటన ఇచ్చింది. ఆధార్ జిరాక్స్ ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకండి, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండి అని. రెండు రోజుల్లో ఆ ప్రకటన వెనక్కి తీసుకున్నారు. ప్రకటన పోయింది కానీ మాస్క్‌డ్ ఆధార్ మాత్రం పోలేదు. ఇప్పటికీ వెబ్‌సైట్ నుంచి ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

సరే, పెద్ద కంపెనీల సంగతి చూద్దాం. హైదరాబాద్‌కి వీటితో పాత బంధుత్వం ఉంది. మైక్రోసాఫ్ట్ 1998లోనే ఇక్కడ డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది. గూగుల్ 2004లో వచ్చింది. ఫేస్‌బుక్ ఇండియాలో మొదటి ఆఫీసు 2010లో మన దగ్గరే తెరిచింది. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకునే చాలామంది కల కూడా అక్కడ ఉద్యోగమే. అందుకే ఈ కంపెనీలని దెయ్యాలుగా చూపించడం నాకు ఇష్టం లేదు. అక్కడ పనిచేసేది మన అన్నలు, అక్కలే. కానీ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలి.

మ్యాప్స్, మెయిల్, వీడియోలు, వీటికి మనం డబ్బులు కట్టడం లేదు. డబ్బులు కట్టేది ప్రకటనకర్త. ఎవరికి ఏ ప్రకటన చూపించాలో తెలియాలంటే మీరు ఎవరో, ఎక్కడ తిరుగుతారో, ఏం వెతుకుతారో తెలియాలి. అందుకే ఆండ్రాయిడ్ ఫోన్లో అడ్వర్టైజింగ్ ఐడీ అని ఒకటి ఉంటుంది. మీ పేరు లేకపోయినా, వేర్వేరు యాప్‌లలో మీరు చేసే పనులన్నిటినీ ఒకే మనిషివిగా గుర్తుపట్టడానికి ఆ నంబర్ పనికొస్తుంది.

2018 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ఒక విషయం బయటపెట్టింది. లొకేషన్ హిస్టరీ ఆఫ్ చేసినా, ఇంకో సెట్టింగ్ ఆన్‌లో ఉండటం వల్ల గూగుల్ మనం ఎక్కడున్నామో నమోదు చేస్తూనే ఉంది. దీని మీద 2022లో అమెరికాలో 40 రాష్ట్రాలతో గూగుల్ 39.15 కోట్ల డాలర్లకు సెటిల్ చేసుకుంది. 2023 డిసెంబర్‌లో, ఇక నుంచి టైమ్‌లైన్ డేటా యూజర్ ఫోన్లోనే ఉంచుతామని ప్రకటించింది. అంటే అడిగేవాళ్లు అడిగితే, కోర్టుకెళ్లేవాళ్లు వెళ్తే, మార్పు వస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి. "ఏం చేసినా వాళ్లకి తెలిసిపోతుందిలే" అని చేతులెత్తేయడం కూడా కంపెనీలకి లాభమే.

ఇప్పుడు అసలు మాటకి వస్తున్నాను. ఖరక్ సింగ్‌ని ఎవరూ అడగలేదు. తలుపు కొట్టారు, అంతే. మనల్ని మాత్రం అడుగుతారు. "అలౌ" అని ఒక బటన్ చూపిస్తారు. అరవై ఏళ్లలో వచ్చిన పెద్ద మార్పు ఇదే. బలవంతం పోయి, ఒప్పుకోలు వచ్చింది. తర్వాత ఏం జరిగినా "మీరే ఒప్పుకున్నారు కదా" అనే సమాధానం వచ్చింది.

ఆ సమాధానం ఎంత క్రూరంగా ఉంటుందో తెలంగాణ 2020లో చూసింది. కరోనా లాక్‌డౌన్‌లో ఉద్యోగాలు పోయిన రోజులు. ఐదు నిమిషాల్లో లోన్ అంటూ యాప్‌లు వచ్చాయి. కాగితాలు అక్కర్లేదు, ష్యూరిటీ అక్కర్లేదు. కాంటాక్టులకి, ఫొటోలకి "అలౌ" నొక్కితే చాలు. నిజానికి ష్యూరిటీ ఆ కాంటాక్టులే. ఫీజు ముందే కోసుకుని మిగతాది చేతికిచ్చేవాళ్లు. వారం, పది రోజుల్లో కట్టాలి. ఆలస్యమైతే ఫోన్లు మీకు మాత్రమే రావు. మీ అమ్మకి, మీ మేనమామకి, మీ ఆఫీసులో సార్‌కి వెళ్తాయి. మీ ఫొటో మీద "మోసగాడు" అని రాసి వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. ఈ అవమానం భరించలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు దాడులు చేసి, ఈ యాప్‌ల వెనకున్నవాళ్లని, కాల్ సెంటర్లు నడిపినవాళ్లని అరెస్టు చేశారు. అరెస్టయినవాళ్లలో చైనా దేశస్థులు కూడా ఉన్నారు.

ఇక్కడ పెద్ద కంపెనీల పాత్ర ఏంటి? ఆ యాప్‌లు చాలావరకు దొరికింది ప్లే స్టోర్‌లోనే. కాంటాక్టులు మొత్తం ఒకేసారి తీసుకునే దారి ఉన్నది ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే. 2021 జనవరిలో గూగుల్ వందల లోన్ యాప్‌లని పరిశీలించి, నిబంధనలు తప్పినవాటిని తీసేసింది. 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్, లోన్ యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్ ముట్టుకోకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదన్న ప్లే స్టోర్ నిబంధన 2023 మే నెలాఖరు నుంచి అమల్లోకి వచ్చింది. అంటే దారి మూసేయడం సాధ్యమే. మూసే లోపల జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

ఇప్పుడు పోలీసుల వైపు చూద్దాం. 2021 అక్టోబర్. గంజాయి మీద స్పెషల్ డ్రైవ్ నడుస్తోంది. హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు బండ్లు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని, వాట్సాప్ సెర్చ్‌లో "గంజాయి" అని కొట్టి చూస్తున్న వీడియో వైరల్ అయింది. వాట్సాప్ 2016 నుంచి మెసేజ్‌లకి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఇస్తోంది. మధ్యలో ఎవరూ చదవలేరు, ఆ కంపెనీ కూడా చదవలేదు. కానీ లాక్ తీసిన ఫోన్ చేతిలో పెడితే ఎన్‌క్రిప్షన్ ఏం చేస్తుంది పాపం? విమర్శలు వచ్చాక పోలీసులు చెప్పిన మాట ఏంటో తెలుసా? మేం బలవంతం చేయడం లేదు, వాళ్లే సహకరిస్తున్నారు అని. మళ్లీ అదే మాట. లోన్ యాప్ చెప్పిందీ అదే. మీరే ఒప్పుకున్నారు. రాత్రి పదింటికి, రోడ్డు మీద, నలుగురు పోలీసుల మధ్య పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఫోన్ ఇస్తే దాన్ని ఒప్పుకోలు అనొచ్చా? మీరే చెప్పండి.

అదే ఏడాది మే నెలలో, లాక్‌డౌన్ సమయంలో, ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తని పోలీసులు ఆపి, మాస్క్ తీయమని ఫొటో తీసుకున్నారు. ఏ చట్టం కింద తీశారు, ఆ ఫొటో ఎక్కడికి పోయింది అని ఆయన అడిగారు. జవాబు రాకపోతే హైకోర్టులో పిల్ వేశారు. ముఖాన్ని గుర్తుపట్టే టెక్నాలజీని పోలీసులు వాడటాన్ని ప్రశ్నించిన ఆ పిటిషన్ మీద 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. ఒక్క ఫొటోనే కదా అని మనలో చాలామంది వదిలేసే విషయం అది. ఆయన వదల్లేదు.

ఇక పంజాగుట్ట. 2024 మార్చి 10న పంజాగుట్ట పోలీస్ స్టేషన్లో ఒక కేసు నమోదైంది. ఫిర్యాదు చేసింది పోలీసు శాఖలోని అధికారే. నిందితులు కూడా పోలీసు అధికారులే. రాష్ట్ర ఇంటెలిజెన్స్ విభాగంలో నాయకులు, వ్యాపారులు, జర్నలిస్టుల ఫోన్లు అక్రమంగా విన్నారని, 2023 డిసెంబర్‌లో ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. నిందితులు వాటిని ఖండించారు. ఎవరిది తప్పో తేల్చాల్సింది కోర్టు. మనకి కావాల్సిన పాఠం వేరే ఉంది. ఫోన్ వినడానికి దేశంలో ఎప్పటి నుంచో నియమాలు ఉన్నాయి. 1996లో సుప్రీంకోర్టు, హోం సెక్రటరీ స్థాయిలో రాతపూర్వక ఆర్డర్ ఉండాలని, దాన్ని కమిటీ సమీక్షించాలని చెప్పింది. అంత కాపలా ఉన్న తాళం దగ్గరే ఇంత పెద్ద ఆరోపణ వచ్చింది. మరి ఏ కమిటీ, ఏ ఆర్డర్ లేకుండా ఒక్క "అలౌ"తో పోయే డేటాకి కాపలా ఎవరు?

పార్టీలు మారినా కథ మారదు. 2019 ఎన్నికల ముందు హైదరాబాద్‌లోని ఐటీ గ్రిడ్స్ అనే కంపెనీ మీద కేసు పెట్టారు. తెలుగుదేశం వాళ్ల సేవా మిత్ర యాప్ కోసం ప్రజల డేటా అక్రమంగా వాడారని ఆరోపణ. పార్టీ ఖండించింది. మా సర్వర్లలోకి ఎవరూ చొరబడలేదని ఆధార్ సంస్థ చెప్పింది. ఒక కేసులో ఒక పార్టీ ఇరుకున పడితే, ఇంకో కేసులో ఇంకో పార్టీ. డేటా కుప్పగా ఉన్నచోట ఎవరికైనా చేయి పెట్టాలనిపిస్తుంది. అందుకే "నేనేం తప్పు చేశానని భయపడాలి" అనేది సరైన ప్రశ్న కాదు. ఈ కుప్ప రేపు ఎవరి చేతికి వెళ్తుందో మీకు తెలుసా? అదీ ప్రశ్న.

మరి చట్టం? 2023 ఆగస్టులో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. డేటా కాపాడలేకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఇంకో సంగతి, ప్రభుత్వం తన సంస్థలకి ఈ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చుకోవచ్చు. అంటే కంపెనీ నుంచి కొంత రక్షణ వస్తోంది. ప్రభుత్వం నుంచి రక్షణకి మాత్రం మళ్లీ ఆ 2017 తీర్పే దిక్కు.

చివరగా ఒక లెక్క చెప్పి ముగిస్తాను. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవ బయటపడ్డప్పుడు ఫేస్‌బుక్ ఇండియా సంఖ్య చెప్పింది. ఆ క్విజ్ యాప్ ఇన్‌స్టాల్ చేసింది 335 మంది. వాళ్ల ఫ్రెండ్ లిస్టుల ద్వారా డేటా వెళ్లి ఉండొచ్చని తేలినవాళ్లు 5 లక్షల 62 వేల మంది. వీళ్లెవరూ ఏ బటనూ నొక్కలేదు. వీళ్ల తరఫున ఎవరో నొక్కారు.

ప్రైవసీ అంటే "నా ఇష్టం" అనుకుంటాం. కానీ మీ ఫోన్లో ఉన్నది మీ ఒక్కరి బతుకు కాదు. మీ చెల్లి నంబర్ ఉంది, స్నేహితురాలు నమ్మి పంపిన ఫొటో ఉంది, నాన్న ఆస్పత్రి రిపోర్టు ఉంది. మీరు "అలౌ" అన్నప్పుడల్లా వాళ్లందరి తరఫునా సంతకం పెడుతున్నారు. కాబట్టి ఈ రోజు ఒక పది నిమిషాలు తీసుకోండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి, పర్మిషన్ మేనేజర్ తెరవండి. కాంటాక్టులు ఎన్ని యాప్‌ల దగ్గర ఉన్నాయో లెక్కపెట్టండి. టార్చ్ యాప్‌కి, గేమ్‌కి మీ మేనమామ నంబర్‌తో పనేంటి? తీసేయండి. లొకేషన్ "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని పెట్టండి. అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేయండి. హాస్టల్‌కి మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి చూడండి, వద్దంటే ఎందుకో అడగండి. రోడ్డు మీద ఎవరైనా ఫోన్ అడిగితే, ఏ కేసులో సార్ అని మర్యాదగానే అడగండి.

ఇవన్నీ చేసినా షీట్ పూర్తిగా మూతపడదు. కానీ అందులో ఏం రాయాలో మనకి కూడా కొంత మాట ఉంటుంది. ముందు కాంటాక్టుల పర్మిషన్ చూడండి. మీ ఫోన్లో ఎన్ని యాప్‌లు తేలాయో కామెంట్లో నంబర్ మాత్రం రాయండి, యాప్ పేర్లు అక్కర్లేదు.